బాగుందమ్మా అన్న నాన్న

చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట ఆయన టెస్టరు పెట్టుకుంటాడు. అందుకే వీధిలో అందరికీ ఆయన టెస్టరాయన. ఇరవై రెండేళ్లుగా ఇళ్లకు వైరింగు చేస్తున్నాడు. గోడ వైపు ఒకసారి చూసి లోపల తీగ ఎటు పోతోందో చెప్పగలడు. అచ్చయిన కాగితం చూస్తే మాత్రం గొంతు తగ్గిపోతుంది. చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. కరెంటు బిల్లు వెనక ఉండే నిబంధనల్ని కూడా చేతులు కడుక్కుని చదివే మనిషి.

ఆయన కూతురు పదో తరగతి. బడి తెరిచిన వారానికే కామెర్లు వచ్చి మూడు నెలలు ఇంట్లో ఉండిపోయింది. జబ్బు తగ్గింది కానీ అమ్మాయి మాత్రం బడికి కదలలేదు.

“అక్కడ అరవై మంది నాన్నా. ఎవడో ఒకడు అర్థం కాలేదంటాడు. చెప్పిందే మళ్లీ నాలుగుసార్లు చెప్తారు. నాలుగోసారికి నాకు అర్థమైంది కూడా పోతుంది,” అనేది.

ఇంట్లో తనే చదువుకునేది, తనే ప్రశ్నపత్రం తయారుచేసుకునేది, రాసి తనే దిద్దుకునేది. మార్కులు తొంభైకి తగ్గేవి కావు.

“రాసేదీ నువ్వే, దిద్దేదీ నువ్వే. ఆ మిగతా పదీ ఎవరు నొక్కేశారే?” అనేది తల్లి.

సైన్సు టీచరమ్మ కబురు పెట్టింది. “శనివారం వచ్చి బల్బు సర్క్యూటు కట్టి చూపించమనండి. సరిగ్గా చేస్తే పరీక్షల దాకా ఇంట్లోనే చదువుకోవచ్చు, హెడ్మాస్టారుతో నేను మాట్లాడతాను. లేదంటే సోమవారం నుంచి బెంచీ మీద కనబడాలి.”

గురువారం సాయంత్రం అమ్మాయి పుస్తకం తెచ్చి తండ్రి ఒళ్లో పెట్టింది. “చూడు నాన్నా, అచ్చం నీ పనే.”

టెస్టరాయన చూశాడు. బొమ్మలో బ్యాటరీ, బల్బు, రెండు మీటర్లు ఉన్నాయి. కరెంటు ఎంత పోతోందో కొలిచే మీటరు దారిలోనే నిలబడాలి. వోల్టులు కొలిచేది బల్బుకు పక్కనుంచి చూడాలి. బొమ్మలో ఒకదాని చోట ఒకటి పడ్డాయి. అలా కడితే ఆ బల్బు జన్మలో వెలగదు.

చెప్పబోయి అట్ట తిప్పి చూశాడు. పుస్తకం రాసినవాళ్లు ఆరుగురు. ఒక్కొక్కరి పేరు పక్కన పేరుకంటే పొడుగైన డిగ్రీలు. ఈ మధ్య పద్ధతేమైనా మార్చారేమో అనుకున్నాడు.

“బాగుందమ్మా,” అన్నాడు.

ఆ రాత్రి భోజనం సయించలేదు. మర్నాడు పనిలో ఒక ఇంట్లో కాలింగ్ బెల్లు స్విచ్చుకు ఫ్యాను తీగ తగిలించాడు. ఆయన సర్వీసులో అలాంటిది జరగలేదు. సాయంత్రం తిన్నగా బడికి వెళ్లి, ల్యాబు గదిలో ఫ్యాను కిర్రుమంటోందట, రేపు ఊరికే బాగుచేస్తానన్నాడు. టీచరమ్మకు సంగతి అర్థమైంది. కానీ ఆ ఫ్యాను నిజంగానే రెండేళ్లుగా కిర్రుమంటోంది. సరేనంది.

శనివారం అమ్మాయి బల్ల దగ్గర, తండ్రి నిచ్చెన మీద.

అమ్మాయి చేతులు చకచకా కదిలాయి. బొమ్మలో ఎలా ఉందో అలాగే కట్టి స్విచ్చు నొక్కింది. బల్బు వెలగలేదు. తీగలు గట్టిగా బిగించింది. బ్యాటరీ మార్చింది. బల్బు మార్చింది. మెడ వెనక చెమట పట్టడం పైనుంచి తండ్రికి కనిపిస్తూనే ఉంది.

“ఇంకో అయిదు నిమిషాలు,” అంది టీచరమ్మ.

టెస్టరాయన దగ్గాడు. మళ్లీ దగ్గాడు.

“పైన జలుబు చేసినవాళ్లు కిందికి దిగి దగ్గవచ్చు,” అంది టీచరమ్మ తలెత్తకుండా.

ఆయన ఫ్యాను రెక్క వదిలి నిచ్చెన మీంచి కిందికి వంగాడు.

“ఆ రెండు మీటర్లూ అటుదిటూ ఇటుదటూ మార్చమ్మా.”

“పుస్తకంలో ఇలాగే ఉంది నాన్నా.”

“ఉంది. తప్పుగా ఉంది.”

టీచరమ్మ పెన్ను కింద పెట్టి అమ్మాయి పుస్తకం తెరిచింది. “ఓహో, ఇదా. ఈ పాఠం మొదలుపెట్టిన రోజునే వెనక బెంచీ వాడొకడు లేచి, నాకు అర్థం కాలేదు, ఇలా కడితే బల్బెలా వెలుగుతుంది మేడం అన్నాడు. అందరి పుస్తకాల్లోనూ దిద్దించాను. ఇదొక్కటే మీ ఇంట్లో ఉండిపోయింది.”

అమ్మాయి మీటర్లు మార్చింది. బల్బు వెలిగింది.

“వెలిగిందిలే. కానీ వెలిగించింది నువ్వు కాదు,” అంది టీచరమ్మ. “సోమవారం తొమ్మిదింటికి.”

ఇంటికి వెళ్తూ స్కూటరు మీద అమ్మాయి వెనక కూర్చుంది. ఏడుస్తోందేమోనని ఆయన అద్దంలో చూశాడు. ఏడవడం లేదు. దాంతో ఆయనకు ఇంకా భయమేసింది.

“గురువారమే తెలుసా నీకు?”

“తెలుసమ్మా.”

“మరి బాగుందన్నావు.”

“ఆరుగురు రాశారు తల్లీ. నేనొక్కణ్ణి.”

“ఇంట్లో అడగడానికి నాకున్నది ఆ ఒక్కడేగా నాన్నా.”

ఆయన హారను కొట్టాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

“ఇంకెన్ని చోట్ల బాగుందన్నావు?”

“రెండు చోట్ల.”

“బండి ఆపు.”

మూసి ఉన్న దుకాణం మెట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. అమ్మాయి పుస్తకం తీసింది. ఆయన వేలు పేజీ మీద చాలాసేపు తచ్చాడింది.

“ఇదుగో, ఈ ఫ్యూజు. కరెంటొచ్చే తీగ మీద ఉండాలి. వీళ్లు పక్క తీగ మీద పెట్టారు.”

“రెండోది?”

“రెండోది అనుమానమే. వాళ్లు తప్పో, నేను తప్పో నాకూ తెలీదు.”

అమ్మాయి ఆ పేజీ కొస మడిచింది. “సోమవారం క్లాసులో లేచి అడుగుతాను.”

“ఈ అనుమానం నాన్నదని మాత్రం చెప్పకమ్మా,” అన్నాడు ఆయన. “ఒకవేళ నేనే తప్పయితే అరవై మందీ నవ్వుతారు.”

“చెప్తాను,” అని అమ్మాయి బండెక్కి కూర్చుంది.