టైపక్కయ్య రాసిన కారణం

మా కోర్టు మెట్ల కింద, కిటికీ లేని మూలలో ఇరవై ఆరేళ్ళుగా ఒకే మనిషి కూర్చుని టైపు కొడుతోంది. అందరికీ ఆమె టైపక్కయ్య. జడ్జీలు మారారు, మా వకీలుకు జుట్టు నెరిసి ఊడిపోయింది కూడా, ఆమె కుర్చీ మాత్రం కదల్లేదు. నేను ఆ వకీలు దగ్గర గుమాస్తాని. కోపిష్టినని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి.

టైపక్కయ్యకు ఒక అలవాటుంది. తాను కొట్టింది తాను చదవదు. ఎందుకని అడిగితే, "చదివితే ఏడుపొస్తుంది గుమాస్తాగారూ, ఏడిస్తే తప్పులొస్తాయి" అంది. బెయిలు అర్జీ అయితే మేం చెప్పాల్సిన పని కూడా ఉండదు. పేరు, వయసు, కేసు నంబరు ఇస్తే చాలు, మిగతాదంతా ఆమె వేళ్ళకు కంఠతా వచ్చు. అప్పీలు ఇప్పట్లో విచారణకు వచ్చేలా లేదు, అర్జీదారుకు మంచాన పడిన తల్లి ఉంది, అతను తప్ప ఆమెకు దిక్కు లేదు, ఇదీ వరస. అలా ఎంతమంది తల్లుల్ని మంచాన పడేసిందో ఆమెకే తెలియదు.

ఆమె తమ్ముడు లారీ డ్రైవరు. లోడింగు దగ్గర జరిగిన కొట్లాటలో ఒకతను చనిపోతే, అక్కడున్న నలుగురితో పాటు ఇతనికీ ఏడేళ్ళు శిక్ష పడింది. తాను చెయ్యి ఎత్తలేదంటాడు. అప్పీలు వేశాం. మా కోర్టులో దాన్ని ఎప్పటికి పిలుస్తారో దేవుడికే తెలియాలి. ఈలోగా బెయిలు రాకపోతే, నిర్దోషి అని తేలేసరికి శిక్ష కాస్తా పూర్తయిపోయేలా ఉంది. పెళ్ళి మాట ఎత్తకుండా ఆ తమ్ముణ్ణి పెంచుకుంది ఆమె. నా అన్నవాడు అతనొక్కడే.

అతని బెయిలు అర్జీ ఆమే కొట్టింది. తమ్ముడి తరఫున ప్రమాణపత్రం మీద సంతకం కూడా ఆమెదే. వకీలు హడావిడిలో సరేనన్నాడు, నేనూ తిరగేసి చూడలేదు. విచారణ రోజు ప్రభుత్వ వకీలు లేచి, "మంచాన ఉందని రాసిన ఆ తల్లి పన్నెండేళ్ళ కిందటే పోయిందండీ" అని మరణ ధ్రువపత్రం అందించాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పారని జడ్జిగారు అర్జీ కొట్టేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు అక్కయ్యా?" అని అందరి ముందూ అరిచేశాను. ఆమె మిషను మీద గుడ్డ కప్పి, "రేపు జైలు దాకా నాతో వస్తారా?" అంది. ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఒక సాయం అడగడం అదే మొదలు.

మర్నాడు జైల్లో ఇనుప జాలీ అవతల తమ్ముడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఆమె ఏదీ దాచకుండా చెప్పేసింది. అతని చోట నేనుంటే చెడామడా తిట్టేవాణ్ణి.

"అమ్మ ఉందని రాశావా?" అన్నాడు.

"చెయ్యి దానంతట అదే కొట్టేసిందిరా."

"ఎలా ఉందని రాశావు?"

"మంచాన ఉందని. నీకోసం చూస్తోందని."

"పోనీలే అక్కా. పిన్ని నీ దగ్గరే ఉంటోందిగా, నాకు అదే ధైర్యం. ఆవిడ వాగుడుతో నీకు పొద్దు గడిచిపోతుంది."

"చెవులు తూట్లు పడుతున్నాయిరా బాబూ" అని ఆమె నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమెను ఇంటి దగ్గర దింపాను. తలుపు తాళం తీస్తుంటే లోపల మాటలు వినిపించాయి. పిన్నిగారేమో అనుకున్నాను. తీరా చూస్తే రేడియో. పిన్ని వారం ఉండి ఎప్పుడో వెళ్ళిపోయిందట. పొద్దున బయటికి వెళ్ళేటప్పుడు రేడియో ఆపకుండా వెళ్తుందట, వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుందని. నిన్న అరిచినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆరు నెలలు ఆగి మళ్ళీ వెయ్యమన్నాడు వకీలు. ఆ ఆరు నెలలూ తమ్ముడు లోపలే ఉన్నాడు. ఈసారి ఆమెను కొట్టనివ్వలేదు. ఆమె కుర్చీలో నేనే కూర్చుని రెండు వేళ్ళతో పొడిచాను. నా తప్పులు చూడలేక పక్కన నిలబడి చేతులు నలుపుకుంది పాపం. అర్జీదారు అక్కకు యాభై మూడేళ్ళు, పెళ్ళి కాలేదు, ఒంటరిగా ఉంటోంది, తమ్ముడు తప్ప ఆమెకు ఎవరూ లేరు అని రాశాను.

కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఆమె ఒక అర్జీ చదవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఒంటరిగా ఉంటోందన్న ముక్క తీసేయండి" అంది.

"అబద్ధమా?"

"దీని కాపీ జైల్లోకి వెళ్తుంది. వాడు చదువుతాడు."

"అది తీస్తే ఇందులో చెప్పడానికి ఇంకేం మిగలదు అక్కయ్యా" అన్నాను.

ఆమె నా జేబులోంచి పెన్ను లాక్కుని సంతకం పెట్టింది.

"ఇది వాడి చేతికి ఎన్నాళ్ళకు చేరుతుంది?"

"వారం పట్టొచ్చు."

"అయితే ఆదివారం వెళ్ళి నేనే చెప్తాను. వాడు ఈ సంగతి కాగితంలో చూసి తెలుసుకోకూడదు."