పక్కవారితో చెప్పండి

ఆ రోజుల్లో నాకు తెలుగు బాగా వచ్చని నాకు గట్టి నమ్మకం. మా ఇంట్లో విశ్వాసం అంటే కంటికి కనబడనిదాన్ని నమ్మడమే కాబట్టి, ఈ నమ్మకానికి కూడా నేను పెద్దగా ఆధారాలు వెతకలేదు. పైగా నేను పైచదువుకని సముద్రాలు దాటి వచ్చిన విండ్సర్‌లో, అక్కడి తెలుగువాళ్ళ మధ్య ఆ పేరు తెచ్చుకోవడం ఏమంత కష్టం కాదు. మైకు పట్టుకున్నవాళ్ళందరూ ‘అందరికీ నమస్కారం’ అని ఇంగ్లీషులోకి ఒక్క మునక వేసి, ఎక్కడో ‘ధన్యవాదాలు’ దగ్గర మళ్ళీ పైకి తేలేవారు. నేను ఒడ్డునే నడిచేవాణ్ణి. ఎందుకంటే నేను నెల్లూరు జిల్లాలో ఒక అయ్యగారి కొడుకుని (మా సంఘంలో పాస్టరుగారిని అలాగే అంటారు). సినిమాలు లేవు, రాజకీయ సభల వైపు పోనిచ్చేవారు కాదు. పుట్టి బుద్ధెరిగాక నేను విన్న ఉపన్యాసాలన్నీ నాన్నగారివీ, నాన్నగారు పిలిపించినవాళ్ళవీ. తెలుగులో నలుగురి ముందు నిలబడి మాట్లాడటమంటే అలాగే మాట్లాడటమని, ఇంకో దారి లేదని నా అవగాహన. ఈ అజ్ఞానమే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది.

మా రూమ్మేటుకు ఎటోబికో అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతున్నాడని ఒక చిన్న విందు పెట్టుకున్నాం. పెద్దమనిషిగా ఒక రిటైర్డ్ డాక్టరుగారిని పిలిచాం. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. రెండు మాటలు చెప్పడం మా వంశంలో ఎవరికీ రాదు. బిర్యానీ చల్లారిపోయేదాకా మాట్లాడాను, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా. డాక్టరుగారు ప్లేటు పక్కన పెట్టి, “ఏమయ్యా, ఈ తెలుగు ఎక్కడ నేర్చుకున్నావ్?” అన్నారు.

“చర్చిలో అంకుల్.”

“అదృష్టవంతుడివి. మా గుళ్ళో మాకు ఇంగ్లీషులో చెబుతున్నారు.”

అప్పటికే ఆయన ఊళ్ళో తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించి, నేను చదువుతున్న కాలేజీలో మన పిల్లలకు తెలుగు కోర్సు పెట్టమని వెంటపడుతున్నారు. ఇంట్లో మాట్లాడటం వచ్చి, సభలో మాట్లాడటం రాని పిల్లల కోసమన్నమాట. కాలేజీలో స్పానిష్‌కు అలాంటి కోర్సు ఒకటి ముందు నుంచే ఉంది. ఎల్ సాల్వడోర్ నుంచి వచ్చిన ఒక మేడమ్ చెప్పేది. కాలేజీవారు ఎంతో మేధోమథనం చేసి ఆవిడ సిలబస్ తీసుకుని, స్పానిష్ అన్నచోటల్లా తెలుగు అని కొట్టి, కొత్త కోర్సు సిద్ధమైందని ప్రకటించారు. ఒక్కచోట మాత్రం దేశం పేరు మార్చడం మరిచిపోయారు. అందుచేత కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి మెక్సికో రాయబారికి తెలుగులో మర్యాదపూర్వకంగా ఉత్తరం రాయగలగాలి. (రాయించాను. పోస్టు చేయలేదు కాబట్టి రెండు దేశాల సంబంధాలకూ ఏమీ కాలేదు.) డాక్టరుగారి మాట మీద నన్ను టీచరుగా తీసుకున్నారు. డోనట్ల కొట్టులో టోపీ పెట్టుకుని నిలబడే పని మానేసి, వెచ్చని గదిలో చాక్‌పీసు పట్టుకున్నాను. నా అంతటి పండితుడికి ఇది ఆలస్యంగా దక్కిన గౌరవమే తప్ప ఇందులో ఆశ్చర్యం ఏముందనుకున్నాను.

మొదటి రోజు క్లాసులోకి అడుగు పెట్టగానే, చివరి బెంచీ మీద భుజాలు గుమ్మమంత ఉన్న కుర్రాడు ఒకడు ఎంతో ఆప్యాయంగా పలకరించాడు.

“సర్, నువ్వు బస్సులో వచ్చావా రా? కోల్డ్‌గా ఉందా?”

డాక్టరుగారి మనవడు. హాకీ ఆడతాడు కాబట్టి హాకీ బాబు అందాం. పాపం, వాడి తప్పేమీ లేదు. వాడికి తెలుగంటే ఇంట్లో తాతా, నానమ్మా వాడితో మాట్లాడిన తెలుగే. వాళ్ళు వాణ్ణి ‘నువ్వు’ అన్నారు, ‘రా’ అన్నారు. వాడు అది భద్రంగా నేర్చుకుని, తిరిగి వాళ్ళకీ, నాకూ, దేవాలయంలో పంతులుగారికీ సమానంగా పంచిపెడుతున్నాడు. మిగతా పిల్లలదీ ఇంచుమించు అదే పద్ధతి. ఆకలి, నిద్ర, కోపం, స్నానం, చీవాట్లు... వీటన్నిటికీ వాళ్ళ దగ్గర బ్రహ్మాండమైన తెలుగుంది. సభకూ దరఖాస్తుకూ మాత్రం ఒక్క వాక్యం లేదు. నేను ఈ తేడా గమనించి ఆనందించి ఉండాల్సింది. ఆనందించకుండా ఎర్ర పెన్ను కొన్నాను.

స్పానిష్ మేడమ్ నా దిద్దుబాటు చూసి తల పట్టుకుంది. “వాళ్ళకి వంటిల్లు ఉంది. నువ్వు కట్టాల్సింది ముందుగది. ముందుగది కడతానని వంటిల్లు కూలగొడతావా?” అంది. ఎంత చక్కని మాట! అక్కడికక్కడే మెచ్చుకుని, ఎర్ర పెన్నుకు ఇంకో రీఫిల్ కొనుక్కున్నాను.

ఒకరోజు క్లాసయ్యాక హాకీ బాబు ఆగాడు. వాళ్ళ అక్క నిశ్చితార్థంలో మైకు ఇచ్చి ఏదైనా మాట్లాడమంటే, సాక్షాత్తూ పెళ్ళివారిని చూసి “అందరూ తినండి రా, సిగ్గు పడకండి రా” అన్నాడట. హాలంతా పడీ పడీ నవ్వింది. కజిన్లు ఆ వీడియో కుటుంబం గ్రూపులో పెట్టారు. అప్పటి నుంచి డాక్టరుగారి స్నేహితులు ఆయన ఎక్కడ కనిపించినా “ఏం రా డాక్టరూ, తిన్నావా రా?” అంటున్నారు.

“నన్ను నవ్వితే ఓకే సర్. తాతని నవ్వారు. తాత కూడా నవ్వాడు కానీ, కార్‌లో ఏం మాట్లాడలేదు.” కాసేపు షూ వైపు చూసుకున్నాడు. “నెక్స్ట్ మంత్ తాత ఎయిటియత్. పెద్ద ఫంక్షన్. నేను మళ్ళీ మాట్లాడాలి. ఈసారి ఎవరూ నవ్వకూడదు. చెప్తావా?”

“‘చెబుతారా’ అనాలి” అన్నాను నేను. (అంత మాట విన్నాక నాకు తోచిన జవాబు ఇది.)

ఆ స్పీచే వాడికి ఫైనల్ పరీక్ష అని మేడమ్ దగ్గర అనుమతి తీసుకున్నాను. కోర్సు మీద కాలేజీకి రిపోర్టు రాయాల్సింది ఆవిడే కాబట్టి తనూ వచ్చి చూస్తానంది. అది బాగా జరిగితే కోర్సు ఉంటుంది, లేకపోతే నా కోసం డోనట్ల టోపీ ఎదురు చూస్తూనే ఉంటుంది. కానీ నిజం చెప్పాలంటే, టోపీ కంటే కార్లో ఏమీ మాట్లాడని ఆ పెద్దాయనే నాకు ఎక్కువగా గుర్తొచ్చేవారు. రోజూ ప్రార్థనలో వాడి పేరు కూడా చెప్పుకున్నాను.

క్లాసులో మాత్రం నేను మహా నిష్ఠగా ఉండేవాణ్ణి. పిల్లలందరూ వేరే మతం వాళ్ళు, తల్లిదండ్రులు నమ్మి పంపారు, కాబట్టి నా భక్తి నా దగ్గరే ఉండాలని ఒట్టు పెట్టుకున్నాను. బైబిల్ వాక్యంలోంచి ఒక్క ముక్క గానీ, దేవుడి ప్రస్తావన గానీ నా నోట రాలేదు. ఒక్కసారి హాకీ బాబే ఎత్తాడు. “సర్, నువ్వు ప్రే చేసేప్పుడు గాడ్‌ని ‘మీరు’ అంటావా?”

“లేదు. ‘నీవు’ అంటాం.”

“అంటే, గాడ్‌కి నువ్వు, కాలేజ్ డీన్‌కి మీరు?”

సిలబస్‌లో లేని విషయాలు చర్చించకూడదని వాణ్ణి కూర్చోబెట్టాను. క్లాసంతా నన్ను జాలిగా చూసింది.

అలా మాటల్ని ఇంట్లో పెట్టి తాళం వేసుకుని వచ్చేవాణ్ణి కదా, బాణీ మాత్రం రోజూ నాతోపాటే బస్సెక్కి వచ్చేదని నాకు తెలియలేదు. ఎలా లేచి నిలబడాలి, ఎంతసేపు మౌనంగా ఉండి సభను చూడాలి, ఎక్కడ గొంతు తగ్గించి ఎక్కడ పెంచాలి, జనం చెదిరిపోతుంటే ఎలా లాక్కురావాలి, ఎలా ముగించాలి... ఉపన్యాసకళ పేరుతో ఇవన్నీ నేర్పాను. నాకు తెలిసిన కళ అదొక్కటే. వాడు ఆటగాడు. చెప్పింది చెప్పినట్టు ప్రాక్టీసు చేశాడు. ‘రా’ మొత్తం ఊడ్చి పారేశాం.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. రిటైరైన డాక్టర్లు, ప్రొఫెసర్లు, కార్ల ప్లాంటుల్లో ఇంజినీర్లు, పట్టుచీరల మీద చలికోట్లు. పంతులుగారు పూజ ముగించి, అక్షతల పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. డాక్టరుగారు పెద్ద కుర్చీలో పూలదండతో ఇబ్బందిగా కూర్చున్నారు. మేడమ్ నా పక్కన కూర్చుంది. హాకీ బాబు మైకు దగ్గరికి రాగానే వెనక కజిన్ల టేబుల్ మీద ఫోన్లన్నీ ఒక్కసారి లేచాయి. ఎవరో “తినండి రా!” అని అరిచారు. డాక్టరుగారు నవ్వి, దండ సర్దుకున్నారు.

వాడు నిలబడ్డాడు. మౌనంగా సభంతా ఒకసారి చూశాడు.

“ప్రియులైన పెద్దలారా! ఈ ఉదయకాలమందు మనలందరినీ క్షేమముగా ఒకచోట సమకూర్చిన కృపను బట్టి నేనెంతో సంతోషించుచున్నాను.”

హాలు చప్పబడిపోయింది. నాకు మాత్రం నెల్లూరు జిల్లాలో ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ కుర్రాడి నోట్లోంచి మా నాన్నగారు మాట్లాడుతున్నారు! ఆ ఊపిరి, ఆ సాగతీత, చివరి మాట మీద ఆ చిన్న విరుపు, అన్నీ ఆయనవే.

“మా తాతగారు అనేకుల ప్రాణములను కాపాడిన వారు. మంచు కురియుచున్న దినములలో సైతము ఆయన నన్ను ఆటస్థలమునకు తోడుకొని పోయెడివారు. ఆయన చేతులు గడ్డకట్టెడివి. అయినను నా బూట్ల తాళ్ళు ఆయనే బిగించెడివారు. మీలో ఎంతమంది ఆయన మేలు పొందియున్నారు? చేతులెత్తండి!”

ఒక చెయ్యి లేచింది. తర్వాత నాలుగు. తర్వాత హాలంతా. (మన వాళ్ళు ఏ మతం వారైనా సరే, మైకులో గట్టిగా చెబితే చేసేస్తారు.)

“మీ పక్కవారితో చెప్పండి: తాతగారు గొప్పవారు!”

గుండె ఆపరేషన్లు చేసిన పెద్దమనిషి ఒకాయన పక్కనున్న ఎముకల డాక్టరు వైపు తిరిగి, గంభీరంగా “తాతగారు గొప్పవారు” అన్నాడు. ఎముకల డాక్టరు “అవునండీ” అన్నాడు. పంతులుగారు పక్కన ఎవరూ లేక అక్షతల పళ్ళేనికి చెప్పుకున్నారు. కజిన్ల టేబుల్ దగ్గర ఫోన్లు ఒక్కొక్కటే దిగిపోయాయి. వాళ్ళు కూడా ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. మేడమ్ నా చెవి దగ్గరికి వంగి, “ఒక్క మాట అర్థం కాలేదు. కానీ మా ఊరి పాస్టరు అచ్చం ఇలాగే మాట్లాడతాడు. నువ్వు వీళ్ళకి నేర్పింది భాషేనా?” అంది. నేను టేబుల్ గుడ్డ కింద చోటెంతుందో చూసుకుంటున్నాను.

“ఇప్పుడు మనమందరము లేచి నిలువబడి, కన్నులు మూసికొని, ఆయన ఆయుష్షు నిమిత్తము ఒక్క నిమిషము మౌనముగా ఉందము.”

సభ సభంతా లేచి కళ్ళు మూసుకుంది. మూసుకోనివాళ్ళు ఇద్దరే. ఒకరు నేను. రెండో ఆవిడ హాకీ బాబు వాళ్ళమ్మ. ఆవిడ హాలు అటు చివర నుంచి నన్ను చూస్తున్న చూపు ఆయుష్షు పెంచే రకం కాదు.

నిమిషం ముగియగానే చప్పట్లు. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. చప్పట్లు ఆగకముందే వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చేసింది.

“ఏమండీ, మావాడికి తెలుగు నేర్పమని పంపితే, ఇదేంటండీ ఇది?”

“దేవుడి తోడు, నేను క్లాసులో దేవుడి మాటే ఎత్తలేదండీ” అన్నాను. ఆ వాక్యం నాకే అంత నమ్మకంగా అనిపించలేదు.

ఈలోగా డాక్టరుగారు దండ మెడలో అలాగే ఉంచుకుని వచ్చారు. కోడలిని చూసి, “ఉండమ్మా. అతను చర్చిలో నేర్చుకున్నానని నాకు ముందే చెప్పాడు. తెలిసే పెట్టించాను” అన్నారు. ఆవిడ తగ్గింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కొంచెం పక్కకు తీసుకెళ్ళారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“చాలా బాగా చెప్పించావయ్యా. నా గురించి నాకే గౌరవం పుట్టింది. కానీ ఒక్కటి...” అని ఆగారు. ఎనభై ఏళ్ళ మనిషి, సిగ్గుపడుతున్నారు. “వాడు రేపటి నుంచి ఇంట్లో కూడా నన్ను ఇలాగే ‘తాతగారూ, మీరు’ అంటాడా? మా ఇంట్లో నన్ను ‘ఏంట్రా’ అనేవాడు వాడొక్కడేనయ్యా. అది తీసెయ్యలేదు కదా?”

అది తీసెయ్యడానికే నేను మూడు ఎర్ర రీఫిల్స్ ఖర్చు పెట్టాను. అప్పుడే హాకీ బాబు ప్లేట్లో రెండు లడ్డూలతో వచ్చాడు. తాతను చూశాడు, నన్ను చూశాడు. నా మీద గౌరవంతో, మొదటిసారి ఎంతో పద్ధతిగా, “తాతగారూ, మీరు భోజనము చేసితిరా?” అన్నాడు.

పెద్దాయన ముఖం వాడిపోయింది. నేను వాడి చేతిలోంచి ప్లేటు తీసుకుని, “పరీక్ష అయిపోయిందిరా” అన్నాను. టీచరుగా నా నోట ‘రా’ రావడం అదే మొదలు.

వాడి ముఖం విప్పారింది. “థాంక్ గాడ్! తాతా, తిన్నావా రా? షుగర్ ఉందిగా, ఒక్కటే తినాలి, ఓకేనా?”

ఆయన రెండూ తినేశారు.

కోర్సు నిలిచింది. మేడమ్ తన రిపోర్టులో నా విద్యార్థి సభను ‘అసాధారణంగా స్పందింపజేశాడు’ అని రాసింది. అంతకంటే నిజం ఏ రిపోర్టులోనూ నేను చదవలేదు. మరుసటి వారం నేను ఎర్ర పెన్ను మానేసి, పిల్లల చేత వాళ్ళ ఇంటి తెలుగులో ముందు చెప్పించి, తర్వాత సభ తెలుగు చెప్పించడం మొదలుపెట్టాను. దాన్ని నా సొంత బోధనా పద్ధతి అని కొన్నాళ్ళు అందరికీ చెప్పుకు తిరిగాను.

ఇప్పుడు కనాటా అనే ఊళ్ళో ఉద్యోగం. ఆదివారాలు మా చిన్న తెలుగు సంఘంలో అప్పుడప్పుడూ వాక్యం చెబుతుంటాను. మొన్నొక ఆదివారం నాన్నగారి బాణీ పూర్తిగా అందుకున్నాను. అవతల వంటగదిలో పులిహోర చల్లారిపోతోంది, అయినా నేను ఆగడం లేదు. మీ పక్కవారితో చెప్పండి, అనబోతుంటే మొదటి వరుసలోంచి నా ఏడేళ్ళ కూతురు అందరికీ వినపడేలా అడిగింది: “నాన్నా, ఇంకా ఎంతసేపు రా?”

సంఘమంతా నవ్వింది. దిద్దుదామని నోరు తెరిచాను. పెద్ద కుర్చీలో పూలదండతో కూర్చున్న ఒక పెద్దాయన కళ్ళ ముందు మెదిలారు. “అయిపోయిందమ్మా” అని, అందరినీ లేచి నిలబడమన్నాను. కళ్ళు మూసుకుని పరలోకపు తండ్రిని ఎప్పటిలాగే ‘నీవు’ అని పిలిచాను. ఎన్నేళ్ళుగానో ఆయనా దిద్దలేదు.