మద్దికుంటలో ఇల్లు

మణుగూరు శివారు కాలనీలో కవిత ఇంటి వెనక మనిషంత ఎత్తు నల్లబండ ఉంది. అటువైపు కిటికీ ఆమె తెరవదు.

ఆమె చిన్నప్పుడు తండా ఆడపిల్లలు తీజ్ పండుగ ఆఖరి రోజున గోధుమ మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని, నీళ్లలో నిమజ్జనం చేయడానికి ఇక్కడికే వచ్చేవాళ్లు. అప్పుడిది మద్దికుంట. అడవి వాగుల నీళ్లన్నీ ఇందులోకే దిగేవి. శ్రావణంలో ఆ బండ కొన మాత్రమే పైకి కనబడేది. దాన్ని దాటి పోవద్దని పెద్దవాళ్లు గద్దించేవాళ్లు.

ఊరు పెరిగింది. గనుల్లో పనిచేసేవాళ్లకు ఇళ్లు కావాలి. ఎవరో కుంటలో మొరం పోసి ప్లాట్లు చేసి అమ్మారు. కవిత పుట్టింట్లో బాలింతగా ఉండగా, గనిలో ఎలక్ట్రీషియన్ అయిన భర్త మోతీలాల్ ఒకటి కొన్నాడు. పునాదికి ముగ్గు పోసే రోజు బండను చూసి, ఇది మనం బుట్టలు ముంచిన కుంట కదా అంది ఆమె.

"మొరం పోసినంక ఇంకేడి కుంట? బుట్టలు మునిగినయని ఇల్లు మునుగుతదా?" అని నవ్వాడు మోతీలాల్.

నిరుడు ముసురులో నీళ్లు గడప దాటాయి. పొయ్యి గట్టు కింద పాము ఈదింది. పిల్లలు మంచం మీద నిలబడి ఏడ్చారు. ఆ తర్వాత అతను నవ్వలేదు. గోడల మీది చారలకు సున్నం కొట్టించి, ఇల్లు అమ్మకానికి పెట్టాడు.

ఈ ఆషాఢంలో సత్తుపల్లి నుంచి వెంకటనారాయణ, నిర్మలాదేవి దంపతులు ఇల్లు చూడటానికి వచ్చారు. వాళ్ల కూతురు లిఖితకు దగ్గర్లోని పినపాకలో ఉద్యోగం వచ్చింది. ఆమెకు నెలల పాప.

"వానాకాలం ఇటు నీళ్లొస్తాయా బాబూ?" అంది నిర్మలాదేవి.

"యాడొస్తయమ్మా! నల్లా నీళ్లే సక్కగ రావు," అన్నాడు మోతీలాల్.

వెంకటనారాయణ పకపకా నవ్వాడు. నిర్మలాదేవి వెనక గదిలోకి వెళ్లింది. "చల్లగా ఉందండీ. ఉయ్యాల ఇక్కడ కట్టుకోవచ్చు."

టీ పట్టుకొచ్చిన కవిత గుమ్మంలో ఆగిపోయింది.

"వస్తయమ్మా. నిరుడు మంచం కోళ్లు మునిగినయ్. పసిపిల్లను ఈడ పండబెట్టకుండ్రి."

టీ తాగకుండానే వాళ్లు వెళ్లిపోయారు.

"నీ నోరు పడిపోను! ఆళ్ల పిల్లకు ఈడ భయమైతే, మన పిల్లలు ఏడ పండుకుంటరే?" అని అరిచాడు మోతీలాల్.

కవిత చల్లారిన టీ గ్లాసులు లోపలికి తీసుకుపోయింది.

పొద్దు వాలేసరికి పినపాక వైపు ఆకాశం నల్లబడింది. అడవి మీద నుంచి వాన హోరు వినబడింది. మోతీలాల్ తిట్టడం ఆపి, బియ్యం బస్తాను సజ్జ మీదికి ఎత్తాడు.

"పిల్లల్ని తండాకు తీసుకపోదామా?" అంది కవిత.

"పోతే ఇప్పుడే పోవాలె. వాగు పొంగితే దాటనియ్యదు."

బండి తాళం కోసం అతను బట్టలన్నీ తిరగేశాడు. పిల్లలు చూశారు. చెప్పులేసుకోమని ఎవరూ చెప్పకుండానే వేసుకున్నారు.