రెండు రికార్డర్లు

మూడేళ్ల కిందట మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, "డాడ్, ఐ నీడ్ ఎ రికార్డర్" అంది. పాఠాలు రికార్డు చేసుకుంటుంది కాబోలనుకుని, ఇంగ్లండ్‌లో మేముండే లీడ్స్‌లో నాలుగు కొట్లు తిరిగి గొంతు రికార్డు చేసే చిన్న యంత్రం కొనుక్కొచ్చాను. పిల్ల పడీ పడీ నవ్వింది. ఇక్కడ రికార్డర్ అంటే నోటితో ఊదే వేణువట! నాకెవరు చెప్పారు? మా ఇంట్లో రికార్డర్ అంటే టేప్ రికార్డరే. ఆ యంత్రం సొరుగులో పడింది.

మా నాన్న పగలు కరెంటాఫీసులో గుమాస్తా, సాయంత్రాలు కచేరీల్లో పక్కన వయొలిన్. పాడేవాళ్లు బాగా పాడితే విల్లు ఆపి మరీ "భేష్!" అనేవారు. ఆయన గొంతున్న క్యాసెట్ ఒక్కటే ఉండేది, అదీ బూజు పట్టి పోయింది. ఆయన పోయి పదేళ్లు. ముఖం కళ్లకు కట్టినట్టే ఉంది, గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తురాదు. ఒక్కసారి వింటే చాలనిపిస్తుంది.

మొన్న శనివారం మధ్యాహ్నం ఒక చర్చిలో మా అమ్మాయి వాళ్ల కచేరీ. మూడొందల ఏళ్ల నాటి సంగీతం. ముందు వయొలిన్ టీచరమ్మ, పక్కన రెండు రికార్డర్లు, వెనక తీగవాద్యాల బృందం. రెండో రికార్డర్ మా పిల్లది. సొరుగులోని యంత్రాన్ని జేబులో వేసుకెళ్లి, కచేరీ మొదలవగానే రికార్డింగుకి నొక్కి పెట్టాను.

నెమ్మదిగా సాగే నడిమి భాగంలో, అందరూ గట్టిగా వాయించిన ముక్కను ఆ ముగ్గురూ మెల్లగా తిరిగి పలికారు. చిన్నప్పుడు నాన్న వాయించింది నేనూ అలాగే తిరిగి పాడేవాణ్ని. నా చెయ్యి తొడమీద తాళం వేస్తూనే ఉంది. చివరి భాగంలో టీచరమ్మ వయొలిన్ మీద పరుగు తీసి ఠక్కున వచ్చి బృందంతో కలిసేసరికి, ఉండబట్టలేక "భేష్!" అనేశాను. చర్చి అంతా నావైపు తిరిగింది. వీళ్లు వాయించడం పూర్తయ్యేదాకా దగ్గు కూడా దాచుకుంటారు.

కారెక్కగానే మా అమ్మాయి, "సో ఎంబరాసింగ్, డాడ్!" అని ముఖం ముడుచుకుంది. కాసేపటికి తనే యంత్రం తీసుకుని నొక్కింది. వయొలిన్ పరుగు, ఆ వెంటనే ఆ మాట.

ముందు కాస్త సాగదీసి, చివర తెంపేసినట్టు. అచ్చం నాన్న గొంతు.

"మళ్లీ వెయ్యమ్మా," అన్నాను.

వేసింది. "ఇట్స్ జస్ట్ యూ, డాడ్."

అవునన్నాను. ఇంకోసారి వెయ్యమన్నాను.