రిసెప్షన్ కంప్యూటర్

హైటెక్ సిటీ ఆఫీసులో మా మేనేజర్‌ది కర్నూలు. స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే కళ్ళు చిట్లించేవారు. "నీ లాప్‌టాప్ నీ మాటే ఇంటాది, దాన్నెట్ల నమ్మేదప్పా" అంటూ వెళ్ళి, నెట్ లేని రిసెప్షన్ కంప్యూటర్‌లో పెట్టి చూసేవారు. మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారని నాకు ఒళ్ళు మండేది.

ఆయన ఉద్యోగం మానేసిన రోజున, మా టీమంతా ఆయన గురించి మాట్లాడిన వీడియోలను స్లైడ్లలో పెట్టి, ఆ పెన్‌డ్రైవ్‌ను కానుకగా ఇచ్చాం. ఆయన దాన్ని పట్టుకుని తిన్నగా రిసెప్షన్‌కే నడిచారు.

"ఇయ్యాల గూడనా సార్?" అంది అక్కడి అమ్మాయి.

తెరమీద మా ముఖాలు ఉండాల్సిన చోట నల్లటి గళ్ళు కనిపించాయి. స్లైడ్లలోకి ఎక్కింది లింకులే; వీడియోలు మా లాప్‌టాప్‌లోనే ఆగిపోయాయి.

ఆయన పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టారు.

"మీ మాటలన్నీ మీ కాడనే ఉండిపోయినాయి గదప్పా."