కాటారంలో తెరుచుకోని కంప్యూటరు

మొన్న మా అమ్మాయి కొత్త కంప్యూటరు కొని, దాని లోపలి సెట్టింగుల్లో ఏదో మార్చాలి రమ్మని పిలిచింది. జనగామలో ఏళ్ల తరబడి కంప్యూటర్లు బాగుచేసినవాణ్ణి కదా, కొంచెం దర్జాగానే కూర్చుని, స్విచ్ వేసి డిలీట్ మీట మీద వేలు పెట్టానో లేదో, ఆ కంప్యూటరు మహాతల్లి అప్పటికే లేచి ముఖం కడుక్కుని కూర్చుంది. నాలుగుసార్లు ప్రయత్నించినా అంతే. అమ్మాయి పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, కాటారం గుర్తుకొచ్చింది.

మన ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది, అప్పటి కంప్యూటర్లు ఇంత హడావిడిగా నిద్రలేచేవి కావు. ముందు నల్లటి తెర మీద నాలుగు తెల్ల అక్షరాల వరుసలు వచ్చేవి, అవి పోయేలోగా డిలీట్ నొక్కితే నీలం తెర ఒకటి తెరుచుకునేది, తారీఖెంతో, ఏ డిస్కులోంచి మేలుకోవాలో అన్నీ దానికి అక్కడే చెప్పాలి. అక్కడికి చేరలేకపోతే ఎంత పనిమంతుడైనా వాకిట్లో నిలబడాల్సిందే.

తెలంగాణ కోసం ఊరూవాడా సమ్మెలో ఉన్న ఏడాది అది. దసరా వెళ్లిన కొద్దిరోజులకే కాటారంలో మా చిన్నాయిన, అంటే మా చిన్నమ్మ భర్త, పొద్దున పొలానికి పోయి గట్టు మీదే కూలిపోయాడని కబురు వచ్చింది. బస్సులు లేవు. భూపాలపల్లి దాకా ఒక లారీలో, అక్కడినుంచి ఎవరిదో ట్రాక్టరులో, దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నవాళ్ల దగ్గర ఇంత అన్నం తిని, వాళ్లతోపాటు జై కొట్టి, మొత్తానికి చేరాను. చేరడమైతే చేరాను కానీ తిరిగి వచ్చే దారి మూసుకుపోయింది. జనగామలో మా ఆవిడ ఒక్కతే, దుకాణం మూత, ఫోను చేసినప్పుడల్లా ఎప్పుడొస్తారని అడుగుడు. ఏమని చెప్పను? సమ్మె మనదే, కోపం ఎవరి మీద చూపాలో తెలియదు. పెద్దకర్మ దాకా అక్కడే చిక్కుబడిపోయాను.

చిన్నమ్మ కొడుకు, అంటే నా తమ్ముడు, ఆ ఊళ్లో ఫోటో స్టూడియో నడిపేవాడు. చుట్టుపక్కల ఏ ఇంట పెళ్లయినా, ఎవరు పోయినా, గోడ మీది ఫోటో వాడు తీసిందే. కానీ కన్నతండ్రి ఫోటో వాడి చేతిలో ఒక్కటీ లేదు. రేషన్ కార్డు మీద ఉన్నదాన్ని పెద్దది చేద్దామంటే ఎవరో పరాయి మనిషిలా ఉంది. దసరానాడు స్టూడియో గడప దగ్గర, కొత్త అంగీలో, చేతిలో జమ్మి ఆకుతో నిలబెట్టి ఒకటి తీశాడట. అది కంప్యూటరులో వేసి, పెళ్లిళ్లున్నాయని కెమెరాలోది తుడిచేశాడు. ఇక ఆ మనిషి ముఖం ఆ డబ్బాలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

ఆ డబ్బా మొరాయించింది. బొగ్గు గనులూ సమ్మెలో ఉన్నాయి కాబట్టి కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది, చెప్పకుండా పోయేది. ఆ కోతలకు తోడు లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, తన డిస్కు ఎక్కడుందో అదే మరిచిపోయింది. స్విచ్ వేస్తే డిస్కు పెట్టమని అడుగుతూ నల్లతెర. ఓస్ ఇంతేనా, నీలం తెరలోకి పోయి రెండు ముక్కలు చెబితే సరిపోతుందని ధీమాగా డిలీట్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ మార్చాను, మెమరీ ఊడదీసి తుడిచి పెట్టాను, కీబోర్డు తీగ అటూఇటూ మార్చాను. పెద్దక్షరాల మీట నొక్కితే మూలన పచ్చదీపం వెలుగుతోంది, అది వెలిగిందంటే కీబోర్డు బాగున్నట్టేనని మాకొక గట్టి నమ్మకం. ఇంకొకటి పెట్టి చూద్దామంటే ఊళ్లో ఉన్నది బడిలో, బడికేమో తాళం. డిస్కు ఊడదీసుకుని జనగామ పోదామంటే పోయేదెట్లా? తెల్లారితే పెద్దకర్మ.

చిన్నమ్మ పొద్దుటినుంచి స్టూడియోలో నేల మీదే కూర్చుంది. ఎంత చెప్పినా ఇంటికి పోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ లేచి తెర దగ్గరికి వచ్చేది, అది నల్లగానే ఉండటం చూసి మళ్లీ కూర్చునేది.

“గా మొకం సూడకుంట దినాలెట్ల జేస్తం కొడుకా?” అన్నది ఒక్కసారి.

 ఆ చిన్న గది, సగం దించిన షట్టరు, బయట రోడ్డు మీద నినాదాలు, లోపల ఉక్క, నా వెనక ఆ ముసలి కళ్లు. పారిపోదామంటే బండి లేదు, ఉందామంటే ముఖం చెల్లదు. అంతలో కరెంటు కూడా పోయింది.

ఏమీ తోచక బల్ల మీద తలవాల్చి కూర్చుంటే చీమలు కనబడ్డాయి. పొద్దున కూడా చూశాను, మూసిన దుకాణంలో చీమలకేం కొదవలే అని చేత్తో దులిపేశాను. ఇప్పుడు చూస్తే వరుసగా వచ్చి కీబోర్డు కుడివైపు సందుల్లోకే దిగుతున్నాయి, సరిగ్గా డిలీట్ దగ్గర, అంకెల పక్కనున్న రెండో డిలీట్ దగ్గర. ఆరి నీ, అనుకుని స్క్రూలు విప్పాను. లోపలి పలుచటి పొర మీద జిగురులాంటి మరక, దాంట్లో ఎర్రగా కుంకుమ కరిగి ఎండిపోయి ఉంది.

తమ్ముడు చూసి గోడకు చేరగిలబడ్డాడు. దసరానాడు చిన్నాయిన చేసిన పూజ అది. ఎవడన్నా కంప్యూటరుకు పూజ చేస్తాడా, ఖరాబైతది బాపూ అని వీడు మొత్తుకుంటుంటే, “నాగలికి జేస్తిమి, బండికి జేస్తిమి, నీకు బువ్వ వెట్టేదానికి జెయ్యకుంటె ఎట్లరా?” అని కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు తన చేత్తో ధారాళంగా చల్లాడట. అన్ని పనులూ మౌసుతోనే చేసుకునే వీడికి ఆ రెండు మీటలతో పని పడనేలేదు.

తడిగుడ్డ వాడి చేతికిచ్చి తుడవమన్నాను. వాడు తుడవడు. ఆ దుకాణంలో బాపు చేయి పడిన ఆఖరి గుర్తు అదేనట, ఎట్ల తుడుస్తనన్నా అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకూ చేయాడలేదు, అబద్ధమెందుకు. చిన్నమ్మే వచ్చి, ఆ మరక మీద వేలు పెట్టి, ఆ వేలు కళ్లకద్దుకుని, “కడుగు బిడ్డా. పూజ ఆయిన జేసిండు, ఫలం నువ్వు దియ్యి” అని కొంగుతో తనే ముందు తుడిచింది.

పొరను ఎండలో ఆరబెట్టి, బిగించి, కరెంటు కోసం ముగ్గురం ఆ గడప మీద కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక వచ్చింది. డిలీట్ నొక్కగానే నీలం తెర పరుచుకుంది, నా జన్మలో ఏ రంగు చూసీ అంత సంబరపడలేదు. ఇంకాసేపటికి తెర నిండా చిన్నాయిన, జమ్మి ఆకు పట్టుకుని, ఫోటో తీస్తున్న కొడుకుని చూసి మురిసిపోతూ. చిన్నమ్మ తెరను రెండు చేతులా పట్టుకుని అప్పుడు ఏడ్చింది. అన్ని రోజులూ రాని ఏడుపంతా అప్పుడే వచ్చింది. మేం ఆపలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది, కాటారం భూపాలపల్లి జిల్లాలో కలిసింది, స్టూడియో మూతపడింది, ఫోటోలు ఫోన్లలోకి పోయాయి. పోయినేడు చిన్నమ్మ కూడా కాలం చేసింది. ఈసారి దేనికీ తడుముకోలేదు, మనుమలూ మనుమరాళ్లూ తలా ఒక ఫోను తీసి వందలకొద్దీ ఫోటోలు ముందు పెట్టారు. కేకు కోస్తున్న చిన్నమ్మ, నల్లకళ్లద్దాల చిన్నమ్మ, ముడతలన్నీ మాయమై ఎవరో పడుచుపిల్లలా మెరుస్తున్న చిన్నమ్మ. ఇది బాగుంది, కాదు ఇది బాగుందని పొద్దు తిరిగేదాకా వాదించుకున్నారు, ఆ గొడవలో ఎవరి కళ్లూ తడవలేదు. తమ్ముడు తల్లి ఫోటోల కోసం అన్ని ఫోన్లూ ఒక్కొక్కటే చూసి, కిందపెట్టి, నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

“ఇన్నిట్ల మా అవ్వ యాడుందన్నా?” అన్నాడు.

 వాడి చేయి పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.