నునుపు మాస్టారు తుడిచిన మచ్చ

మా ఫోటో స్టూడియో పేరు ఎవరికీ గుర్తుండదు గానీ, నునుపు మాస్టారంటే వీధి చివరి వాళ్ళు కూడా దారి చూపిస్తారు. ఆ పేరంటే మా ఆయనకి మహా గర్వం. ఫిలిం రోజుల్లో నెగటివ్‌ని గాజు పలక మీద పెట్టి, కింద బల్బు వెలిగించి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహాల మీది మచ్చల్ని మాయం చేసేవాడు. పెన్సిల్ పడ్డ చోట ఫోటోలో తెల్లగా వస్తుంది, అంతే కిటుకు. అడిగినా చేసేవాడు, అడక్కపోయినా చేసేవాడు. పైగా, దేవుడు తొందరలో వదిలేసినవి తను సరిచేస్తున్నానని కోతలొకటి.

మొన్న ఒకావిడ వచ్చింది. ఎడమ చెంప మీద బొటనవేలి ముద్రంత నల్ల మచ్చ. సంచీలోంచి ఒక పటం తీసి బల్ల మీద పెట్టింది. తండ్రి కుర్చీలో కూర్చున్నాడు, పక్కన తల్లి నిలబడింది, ఆ తల్లి చంకలో పసిపిల్ల. వెనకున్నది మా స్టూడియో తెరే. మా ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని మురిసిపోయాడు.

"ఎంత నున్నగా వచ్చిందో చూడు," అన్నాడు నాతో.

"ఆ పసిపిల్లని నేనేనండి," అందావిడ. "నాకు మాటలు రాకముందే అమ్మా నాన్నా పోయారు. అమ్మది ఇదొక్కటే ఫోటో. నా మచ్చ అమ్మ పోలికేనని అమ్మమ్మ చెప్పేది. పటంలో చూస్తే అమ్మకీ లేదు, నాకూ లేదు; నాది తర్వాతెప్పుడో వచ్చిందనుకున్నాను. నన్ను ఊరుకోబెట్టడానికే అబద్ధమాడుతోందని అమ్మమ్మతో పోట్లాడాను. ఇప్పుడు ఆవిడా లేదు. మీరు మచ్చలు తుడిచేస్తారని మొన్నెవరో అన్నారు. నిజం చెప్పండి మాస్టారూ, మా అమ్మకి మచ్చ ఉండేదా?"

మా ఆయన పటం తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఎంతమందివి తుడిచాడో, ఎవరిదని గుర్తుంటుంది? చెవుల దాకా ఎర్రబడ్డాడు. సిగ్గుతో నాకూ తలెత్తబుద్ధి కాలేదు.

"అలా నేల చూపులు చూస్తే ఏం తేలుతుంది? లేచి వెతకండి," అన్నాను.

అటక మీది డబ్బాలన్నీ దించాం. పటం వెనక నంబరు వేసి ఉండబట్టి సరిపోయింది, నెగటివ్ దొరికింది. దూదిని టర్పెంటైన్‌లో ముంచి మెల్లగా తుడిచాడు. దూదికి పెన్సిల్ మసి అంటింది. నెగటివ్‌ని కంప్యూటర్లోకి ఎక్కించి, తెర ఆవిడ వైపు తిప్పాడు.

తల్లి ఎడమ చెంప మీద మచ్చ. చంకలో పిల్లకీ అక్కడే, అలాంటిదే, చిన్నది.

"అమ్మమ్మా," అంది ఆవిడ.

మా ఆయన చేతులు జోడించాడు. "తప్పైపోయిందమ్మా. అందంగా చేస్తున్నాననుకున్నాను."

ఆవిడ నాలుగు తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది.

కళ్ళు తుడుచుకున్నాక, "నన్నొకటి తియ్యండి. అమ్మ పక్కన పెట్టుకుంటాను," అంది.

ప్రాణం లేచొచ్చినట్టు లేచాడు మా ఆయన. ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు వేసి, కెమెరా వెనక్కి వెళ్ళాడు.

"గడ్డం కాస్త పైకమ్మా. భుజాలు వదులుగా. మొహం కొంచెం ఎడమకి తిప్పండి," అన్నాడు, ఎప్పటిలాగే.

ఆవిడ తిప్పింది. మచ్చ నీడలోకి పోయింది.

"ఇలాగేనా మాస్టారూ?" అని అడిగింది మెల్లగా.

మా ఆయన కెమెరా వెనక నుంచి తలెత్తలేదు. నేనే వెళ్ళి, ఆవిడ గడ్డం పట్టుకుని, మొహం వెలుతురు వైపు తిప్పాను.